చెవి మిషన్‌కు చీటీ రాసేదెవరు?

వినికిడి యంత్రాన్ని చట్టం వైద్య పరికరాల లెక్కలో చేర్చి ఏళ్లు గడిచాయి. దాన్ని మనిషి చెవికి కుదిర్చే పని మాత్రం ఇంకా బేరసారాల లెక్కలోనే ఉంది. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల నుంచి ముఖచిత్ర కథనం.

మా నాన్నగారు చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు ముప్పై ఏళ్లుగా వెళ్తున్నారు. మా ఇల్లు అశోక్‌నగర్‌లో. సాయంత్రం ఐదున్నరకల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరతారు. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఆయన మిత్రుడొకాయన కలుస్తారు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోయి మూడో వరసలో కూర్చుంటారు. నాలుగేళ్ల కిందట ఆయన మొదటి వరసకు మారారు. ఎందుకని అడిగితే "వెనక ఫ్యాన్ గాలి రావడం లేదురా" అన్నారు. కొన్నాళ్లకు పుస్తకావిష్కరణలు, ఉపన్యాసాలు మానేశారు. కచేరీలకు మాత్రం వెళ్లేవారు. పాట చెవికి అందుతోంది, మాట అందడం లేదు. ఆ తేడా ఇంట్లో మేమెవరమూ గమనించలేదు.

గమనించింది అమ్మ. ఒక రాత్రి భోజనాల దగ్గర, వంటింట్లోంచి "ఏమండీ, పప్పు వేయనా?" అని అడిగింది. "తప్పేముంది, వెళ్లనీ" అన్నారు నాన్న, పిల్లల సినిమా సంగతి అనుకుని. మర్నాడు పొద్దున "కప్పు ఎక్కడ పెట్టారు?" అంటే, "పప్పు వద్దన్నానుగా" అన్నారు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ రోజు ఎందుకు నవ్వామా అని ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

పప్పు, తప్పు, కప్పు. మూడింటిలోనూ అచ్చు ఒకటే, మారేది మొదటి హల్లు. వయసుతో వచ్చే వినికిడి లోపం సరిగ్గా అక్కడే దెబ్బ కొడుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సన్నటి రోమకణాలుంటాయి. పైస్థాయి ధ్వనులను పట్టే కణాలు ముందు అరిగిపోతాయి. అ, ఆ, ఉ లాంటి అచ్చుల బలం కింది స్థాయి ధ్వనుల్లో ఉంటుంది కాబట్టి అవి చాలాకాలం వినిపిస్తూనే ఉంటాయి. ప, త, క, చ, స మాత్రం ఊపిరంత పలచగా, పైస్థాయిలో పలుకుతాయి. అవి జారిపోతాయి. తెలుగు అజంత భాష. మాట మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఎదుటివాళ్లు మాట్లాడుతున్న సంగతి పెద్దవాళ్లకు బాగానే తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. "అరవకు, వినిపిస్తోంది. కాస్త స్పష్టంగా చెప్పు" అని వాళ్లు విసుక్కునేది అందుకే. మనమేమో గొంతు ఇంకా పెంచుతాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని మనకో సామెత ఉంది. శంఖం సంగతి అలా ఉంచి, మెల్లగా పలికిన 'స' వినిపిస్తోందా అని అడిగినవాళ్లు తక్కువ.

ఈ కొంచెం శరీరశాస్త్రం చెప్పడానికి కారణముంది. అన్ని ధ్వనులనూ ఒకే మోతాదులో పెంచే మిషన్ పెడితే ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది, గిన్నెల మోత పెరుగుతుంది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హారన్లు పెరుగుతాయి, పప్పు మాత్రం తప్పుగానే మిగులుతుంది. ఏ ధ్వని ఎంత తగ్గిందో కొలిచి, దాన్నిబట్టి ఏది ఎంత పెంచాలో మిషన్‌లో అమర్చాలి. అందుకే వినికిడి యంత్రం టీవీ రిమోట్‌లా కొని వాడుకునే వస్తువు కాదు. మిషన్ సగం, దాన్ని కుదిర్చే మనిషి సగం.

పదిహేను నిమిషాల పరీక్ష

మేం కొన్నది మెయిన్ రోడ్డు మీది ఒక షాపులో. పేరు అనవసరం. అద్దం మీద 'ఉచిత వినికిడి పరీక్ష' అని రాసి ఉంది. లోపల ప్లైవుడ్ గది, అందులో ఒక కుర్చీ, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు. పరీక్ష జరుగుతుంటే బయట సిటీ బస్సు బ్రేకు వేసిన చప్పుడు తలుపు దాటి మా దాకా వచ్చింది. నాన్న చెయ్యెత్తారు. అది మిషన్ లోంచి వచ్చిన చప్పుడని ఆయన అనుకున్నారు, పరీక్ష చేస్తున్న షాపు కుర్రాడూ అలాగే రాసుకున్నాడు. పదిహేను నిమిషాల్లో తేల్చేశాడు. "అంకుల్‌కు రెండు చెవులకూ పెట్టాలి సార్. ఎమ్మార్పీ లక్షా నలభై వేలు. ఈ రోజే తీసుకుంటే డెబ్భై వేలకు ఇచ్చేస్తాం."

చెవిలో లైటు వేసి ఎవరూ చూడలేదు. తెలుగు మాటలు వినిపించి తిరిగి చెప్పమని అడగలేదు. ఏ ధ్వని ఎంత వినిపిస్తోందో చూపే ఆడియోగ్రామ్ కాగితం ఇవ్వలేదు. ఆ కాగితం అడగాలన్న సంగతే మాకు తెలియదు. బిల్లు మీద 'హియరింగ్ ఎయిడ్ – 2' అని ఒక్క ముక్క. నెల తిరిగేసరికి ఆ రెండూ సొరుగులో మాత్రల పక్కకు చేరాయి. "తల్లో రైలు పోతున్నట్టుందిరా" అనేవారు నాన్న. వెళ్లి అడిగితే అలవాటు కావాలన్నారు.

ఆరు నెలల తర్వాత ఒక ఈఎన్‌టీ డాక్టరు ఎడమ చెవిలోకి చూసి, గట్టిపడిపోయిన గులిమి తీశారు. సగం లోపం అక్కడే తీరింది. తర్వాత, చప్పుడు చొరబడని గదిలో ఒక ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణులు, ముప్పావు గంట పరీక్షించి, కుడి చెవి మిషన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి మొదటి నుంచి అమర్చారు. మూడు వారాల్లో రెండుసార్లు పిలిపించి సరిచేశారు. ఇప్పుడు నాన్న కుడి చెవికి పెట్టుకుంటున్నది షాపులో కొన్న ఆ మిషనే. మిషన్‌లో లోపం ఏమీ లేదు. దాని డబ్బా మీద దిగుమతి లైసెన్స్ నంబరు, సీరియల్ నంబరు, దిగుమతిదారు చిరునామా అన్నీ ఉన్నాయి. చట్టం అడిగినవన్నీ ఆ డబ్బా మీద ఉన్నాయి. చెవి అడిగింది మాత్రం ఆ షాపులో దొరకలేదు.

మందుల చట్టంలోకి మిషన్

చట్టం ఏం అడుగుతోందో చూద్దాం. మన దేశంలో మందులకు ఆధారం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం. వైద్య పరికరాలకు విడిగా నిబంధనలు 2017లో వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. అప్పటికీ ప్రభుత్వం పేరు పెట్టి ప్రకటించిన కొన్ని రకాల పరికరాలకే అవి వర్తించేవి. 2020 ఫిబ్రవరి 11న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోగాన్ని కనిపెట్టడానికి, నయం చేయడానికి, వైకల్యానికి ఆసరా కావడానికి వాడే పరికరాలన్నీ 2020 ఏప్రిల్ 1 నుంచి చట్టం దృష్టిలో 'మందు' కిందికే వస్తాయని దాని సారాంశం. వినికిడి యంత్రమూ అలాగే ఆ గొడుగు కిందికి వచ్చింది. ప్రమాదం స్థాయిని బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. తక్కువ ప్రమాదం ఉన్న ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి తయారీకైనా దిగుమతికైనా లైసెన్స్ తప్పనిసరి అయింది.

కాబట్టి వినికిడి యంత్రాన్ని వైద్య పరికరంగా నియంత్రించాలా వద్దా అన్న ప్రశ్నకు మన దేశం కాగితం మీద జవాబు చెప్పేసింది. నియంత్రించాలి అంది. నేనూ అదే అంటాను. నా పేచీ ఆ తర్వాతి అడుగుతో.

2022లో అమ్మకందారులకూ ఒక నిబంధన తెచ్చారు. వైద్య పరికరాలు అమ్మే దుకాణం రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ అధికారుల దగ్గర ఎండీ-42 అనే రిజిస్ట్రేషన్ పత్రం తీసుకోవాలి. దుకాణంలో అర్హత ఉన్న ఒక టెక్నికల్ మనిషి ఉండాలి. ఆ అర్హత ఏమిటి? గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ. లేదా ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్. అదీ లేకపోతే ఇంటర్మీడియట్ పాసై, వైద్య పరికరాల అమ్మకంలో ఏడాది అనుభవం. డిగ్రీ ఏ సబ్జెక్టులో అన్న షరతు లేదు. చేతి గ్లౌజులూ సిరంజీలూ అమ్మే కొట్టుకు ఇది చాలు. మనిషి చెవి కొలిచి, మిగిలిన వినికిడికి సరిపోయేట్టు ధ్వనిని అమర్చే చోటికి కూడా ఇదే చాలంటే ఎలా?

ఆడియాలజిస్టుల గురించి చట్టం లేదా అంటే, ఉంది. 1992లో వచ్చిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం ప్రకారం గుర్తింపు పొందిన చదువు చదివి, కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ఈ వృత్తి చేయాలి. కాదని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇవాళ ఆ వెయ్యికి మహా అయితే కొన్ని నెలల బ్యాటరీలు వస్తాయి.  ఇలా మిషన్‌కొక చట్టం, మనిషికొక చట్టం అయ్యాయి. ఎండీ-42 పత్రం చూసే అధికారి ఆడియాలజిస్ట్ ఉన్నారా అని అడగనక్కర్లేదు. ఆడియాలజిస్టుల రిజిస్టర్ చూసే కౌన్సిల్‌కు దుకాణంతో పనిలేదు. మా నాన్న డెబ్భై వేలు ఆ రెండు చట్టాల నడుమ సందులో పోయాయి.

ఇంకో పాత చట్టమూ ఇక్కడ గుర్తు చేయాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో క్యాన్సర్, మధుమేహం, కంటి శుక్లాలతో పాటు చెవుడు కూడా ఉంది. ఆ జబ్బులు నయం చేసేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం నేరం. నరాలకు సంబంధించిన చెవుడు చుక్కల మందుతో పోతుందన్న కరపత్రం ఎక్కడైనా మీ చేతికి వస్తే, అది డెబ్భై ఏళ్ల కిందటే చట్టం వద్దన్న పని అని తెలుసుకోండి.

అమెరికా కౌంటరు మీద పెట్టింది నిజమే, కానీ

ఈ మాటలంటే వెంటనే ఎదురయ్యే వాదన ఒకటుంది. 'అమెరికాలో చీటీ లేకుండానే కౌంటరు మీద అమ్ముతున్నారుగా? ఇక్కడ కొత్త నిబంధనలు పెడితే ధర పెరిగి, పేదవాడికి ఆ కాస్తా అందదు' అని. దీన్ని కొట్టిపారేయలేం. పిల్లల దగ్గరికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లొచ్చిన మా కాలనీ పెద్దవాళ్ల చెవుల్లో అక్కడ కొన్న మిషన్లు నేనూ చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 150 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంది. 43 కోట్ల మందికి చికిత్సో, యంత్రమో, మరో సాయమో కావాలి. యంత్రం వల్ల మేలు జరిగేవాళ్లలో నిజంగా వాడుతున్నది 17 శాతమే. అంటే అసలు సమస్య దొరక్కపోవడమే అన్నవాళ్ల మాటలో బలముంది.

అయితే అమెరికా ఏం చేసిందో పూర్తిగా చూడాలి. 2017లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో తుది నిబంధన ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరు 17 నుంచి చీటీ లేని అమ్మకాలు మొదలయ్యాయి. అవి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. అందులోనూ లోపం స్వల్పంగానో ఓ మోస్తరుగానో ఉందని తమకు తోచినవాళ్లకే. మిషన్ గరిష్ఠంగా 111 డెసిబెల్ దాటకూడదు, పెద్ద చప్పుళ్లను దానంతటదే అణిచే ఏర్పాటుంటే 117 దాకా వెళ్లొచ్చు. చెవి కాలువలో ఎంత లోపలికి పోవచ్చో కొలత ఉంది. ఏ లక్షణాలుంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలో డబ్బా మీదే రాయాలి. ఇన్ని షరతులు పెట్టాక కూడా అది వైద్య పరికరమే. పిల్లలకు, తీవ్రమైన లోపం ఉన్నవాళ్లకు పాత పద్ధతే. నియంత్రణ ఎత్తేయడం అంటే ఇది కాదు. ఏ చెవికి ఎంత జాగ్రత్త కావాలో విడదీసి చెప్పడం.

మన దగ్గర ఆ విడదీసే పనే జరగలేదు. ఆన్‌లైన్లో పదిహేను వందలకు దొరికే ధ్వని పెంచే బుడిపె, లక్షన్నర మిషన్ రెండూ ఒకే పేజీలో ఒకే పేరుతో కనిపిస్తాయి. కళ్లజోడు బజార్లో కొనుక్కోవట్లేదా అని అడుగుతారు. నంబరు తప్పిన కళ్లజోడు తలనొప్పి తెస్తుంది, తీసేస్తే పోతుంది. మోతాదు మించిన ధ్వని మిగిలిన రోమకణాలను చంపగలదు. మనిషిలో ఆ కణాలు మళ్లీ పుట్టవు.

ధర సంగతీ చూడండి. వినికిడి యంత్రం మీద జీఎస్టీ లేదు. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకీలు ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టింది. కోవిడ్ కాలంలో, 2021లో, పల్స్ ఆక్సీమీటర్, బీపీ మిషన్, నెబ్యులైజర్, డిజిటల్ థర్మామీటర్, గ్లూకోమీటర్ల మీద వ్యాపారుల లాభానికి 70 శాతం పరిమితి పెట్టింది. ఆ జాబితాలో వినికిడి యంత్రం లేదు. దానికి వర్తించేదల్లా ఎమ్మార్పీ ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదన్న సాధారణ నియమం. మొదటి రోజే సగానికి సగం తగ్గించి ఇచ్చేంత ఎమ్మార్పీ అచ్చేసుకునే చోట, పది శాతం నియమం ఎవరిని కాపాడుతుంది? నిబంధనల వల్ల ధర పెరుగుతుందని భయపడేవాళ్లు, నిబంధనలు లేని ధర ఎలా ఉందో ఒకసారి చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడుస్తూ నాలుగు చోట్ల అడిగి చూడాలి. ఒకే మోడల్‌కు నాలుగు ధరలు వింటారు.

అశోక్‌నగర్ మొదటి బెంచీ

వినికిడి ముసలివాళ్ల గొడవని అనుకునేవాళ్లు అశోక్‌నగర్ రావాలి. గ్రూప్స్ పరీక్షలకు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలతో ఈ వీధులు నిండిపోయి ఉంటాయి. హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టీ కొట్లు, వందల మంది కూర్చునే కోచింగ్ హాళ్లు. అక్కడ మొదటి బెంచీ కోసం తెల్లవారుజామునే వచ్చే ఒక అబ్బాయి నాకు తెలుసు. నాగర్‌కర్నూల్ వైపు పల్లె. చిన్నప్పుడు చెవిలో చీము కారేది, పొలం పనుల మధ్య ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు రెండు చెవుల్లోనూ యాభై డెసిబెల్ చుట్టూ లోపం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటలు పలికే ధ్వనుల దగ్గర 60 నుంచి 70 డెసిబెల్ లోపముంటే వినికిడి తక్కువ ఉన్న వ్యక్తి, 70 దాటితే బధిరుడు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ ఇద్దరికీ కలిపి ఒక శాతం రిజర్వేషన్ ఉంది. మామూలుగా మాట్లాడుకునే మాట అరవై డెసిబెల్ చుట్టూ ఉంటుంది. యాభై డెసిబెల్ లోపం ఉన్నవాడికి ఆ మాట గోడ అవతలి గుసగుసలా వినిపిస్తుంది. అయినా ఈ అబ్బాయికి సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే ప్రభుత్వ పథకాల మిషన్ కూడా దూరమే. ఆన్‌లైన్లో బుడిపె ఒకటి తెప్పించుకున్నాడు. హాల్లో మైకు గరగరమన్నప్పుడల్లా చెవి దిమ్మెక్కిపోతోందని, సాయంత్రానికి గంట కొట్టినట్టు మోగుతోందని చెప్పాడు. గరిష్ఠ ధ్వని ఎంతో డబ్బా మీద చూడమన్నాను. ఏమీ రాసి లేదు. ఇప్పుడతను పాఠం ఫోన్లో రికార్డు చేసుకుని, రాత్రి హాస్టల్ గదిలో రెండోసారి వింటాడు. మిగతావాళ్లు ఒక రోజులో చదివేది అతనికి రెండు రోజులు.

ఆ చీము కారిన రోజునే ఎవరైనా డాక్టరుకు చూపించి ఉంటే ఈ కథ వేరు. చెవిలో చీము, నొప్పి, ఒక్క చెవిలోనే హోరు, కళ్లు తిరగడం ఉంటే మిషన్ షాపు మెట్లు ఎక్కకూడదు. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి ఒక చెవి వినిపించడం మానేస్తే అది అత్యవసరం. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి, ఆలస్యమైన కొద్దీ తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. అలాంటి మనిషికి మిషన్ అమ్మడం ఎంత లాభమైనా, తప్పు.

దగ్గరలోనే ఉన్న వైద్యం

నారాయణగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ సుల్తాన్ బజార్. అక్కడ దిగితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 1983లో ముంబైలో పుట్టిన ఆ సంస్థకు పేరునిచ్చిన అలీ యావర్ జంగ్ మన హైదరాబాదీయే.  ఇంత దగ్గర్లో ఇవన్నీ ఉండి కూడా, మేం ముందు అద్దాల షాపుకే వెళ్లాం. దారి చెప్పేవాళ్లు లేక.

పేద వృద్ధులకు చేతికర్రలు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకం. కానీ చేతికర్ర ఇచ్చి పంపినట్టు వినికిడి యంత్రం ఇచ్చి పంపకూడదు. మూడు వారాలకు, మూడు నెలలకు మళ్లీ చూడాలి. మిషన్‌ను చెవిలో నిలిపే అచ్చు వదులైతే కీచుమంటుంది, బ్యాటరీ జింక్‌ది కాబట్టి స్టిక్కర్ తీసిన రోజు నుంచే ఖర్చవుతుంది. అవి చెప్పే మనిషి మండలానికి ఒకరైనా లేకపోతే ప్రభుత్వం ఇచ్చిన మిషన్‌కూ మా నాన్న మిషన్‌కూ చివరికి చేరే చోటు ఒకటే, సొరుగు. బ్రిటన్ 1948లోనే తన జాతీయ ఆరోగ్య సేవ కింద ఉచితంగా మిషన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవాళ్టికీ అక్కడ పరీక్ష, అమరిక, మరమ్మతు ఆ సేవలో భాగాలే.

మందు అన్నాక చీటీ ఉండాలి. నేను అడుగుతున్నది అంతే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఆడియాలజిస్ట్ సంతకం లేకుండా ఏ మిషనూ అమ్మకూడదు, ఇందులో బేరం లేదు. పెద్దవాళ్లలో స్వల్ప లోపానికి గరిష్ఠ ధ్వని కట్టడి చేసిన మిషన్లను, తెలుగులో రాసిన హెచ్చరికలతో, కౌంటరు మీద అమ్ముకోనివ్వొచ్చు. ఆడియాలజిస్టులు తక్కువ ఉన్న మన రాష్ట్రాల్లో అన్నిటికీ వాళ్ల సంతకమే కావాలంటే పల్లెకు ఏదీ అందదు. అంతకు మించిన లోపానికి మాత్రం చెవి లోపల చూసిన రాత, ఆడియోగ్రామ్, తెలుగు మాటలతో చేసిన పరీక్ష, వాడి చూసే గడువు, ఇవి అమ్మకంలో భాగం కావాలి. బిల్లులో మిషన్ ధర వేరు, అమరిక ఖర్చు వేరుగా రాయాలి. అప్పుడే షాపు కుర్రాడి జీతం అమ్మిన మిషన్ల మీద కాక చేసిన పని మీద ఆధారపడుతుంది. ఎండీ-42 ఇచ్చే అధికారి వినికిడి యంత్రాల దుకాణాన్ని ఆడియాలజిస్ట్ రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నిబంధనలో ఒక వాక్యం చేరిస్తే చాలు.

ప్రభుత్వం ఆ వాక్యం రాసేలోగా మీరు చేయగలిగినవి ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఆడియోగ్రామ్ కాగితం అడగండి, అది మీది. పరీక్షించినవాళ్ల రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రెండు వారాలు వాడి చూసే వీలుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. 'ఈ రోజే' అన్న డిస్కౌంట్‌కు లొంగకండి, వినికిడి రేపటికీ ఉంటుంది. మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పరికరం వల్ల చెవికి హాని జరిగితే వైద్య పరికరాల ఫిర్యాదుల కోసం టోల్‌ఫ్రీ 1800-180-3024 ఉంది. ఇంట్లో సొరుగులో పడి ఉన్న మిషన్ ఉంటే, ఈ సోమవారం దాన్ని బయటికి తీయండి. పెద్దాయన్నో పెద్దావిడనో వెంటబెట్టుకుని, ఆ మిషన్‌తో సహా ఒక ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ముందు చెవిలో లైటు వేసి చూడమనండి.